పద్నాలుగేళ్ళ బోరు ఫిబ్రవరికే ఎండింది, 900 అడుగులకి పోవాలా?

గుత్తిరోడ్డు
అనంతపురంలో మా ఇల్లు కట్టి పద్నాలుగేళ్ళు. అప్పుడు వేయించిన బోరు 320 అడుగులు, ఒకటిన్నర ఇంచు నీళ్ళు పడ్డాయి. ఎండాకాలం కాస్త సన్నగిల్లినా వానలు పడగానే కోలుకునేది. ఈసారి ఫిబ్రవరి ఆఖరికే మోటారు గాలి లాగుతోంది. పొద్దున స్విచ్చి వేస్తే నాలుగు నిమిషాలు నీళ్ళు, ఆ తర్వాత పైపులోంచి బుస్సుమని గాలి, ఎర్రమట్టి తుంపర. గంట ఆగి మళ్ళీ వేయాలి. మా అమ్మ స్టార్టర్ పక్కన స్టూలు వేసుకుని గడియారం చూస్తూ కూర్చుంటుంది.

వెనక సందులో పోయినేడు ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ లేచింది. వాళ్ళకి రెండు బోర్లు, ఒకటి 850 అడుగులట. అది చూసి ఎదురింటివాళ్ళు 900 వేయించారు. బోరు బండి అతను నన్ను కూడా 900కి పోదామంటున్నాడు. కేసింగ్ (బోరులో దించే గొట్టం), కొత్త మోటారు, కేబులు అన్నీ కలిపి రెండు లక్షల పైమాటే. పిల్లల ఫీజులు కట్టాల్సిన సమయం ఇది. వేయించాలా, ట్యాంకర్లతో నెట్టుకురావాలా? రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు. చూసినవాళ్ళు చెప్పండి.

బోరుబండి_తమ్ముడు
అన్నా, నేను ఆరేళ్ళు బండి మీద పని చేసినా. 900 అని ముందే చెప్పేవాణ్ణి నమ్మొద్దు. మన రాయిలో 300 దాటినాక వచ్చేది తెల్లపిండే. పిండి పొడిగా లేస్తే నీళ్ళు లేవని అర్థం. తడిసి ముద్దగా వస్తే ఎక్కడో సందు తగిలిందని. పోయిన ఎండాకాలం మేం 800 దాటించినవాటిలో సగానికి పైగా పొడిబోర్లే. అడుగుల లెక్కన డబ్బులు కాబట్టి పొడి పోయినా బండికి నష్టం లేదు. ఇల్లు గలవాళ్ళు గుమ్మంలో నిలబడి ఆ పిండి వంక చూస్తా ఉంటే మాకే కడుపు తరుక్కుపోయేది. అందుకే మానేసినా.

నార్పల_చీనీ
మా నాన్న కాలంలో 60 అడుగుల బావి. ఎద్దులతో కపిల తోలేవాళ్ళు, నేను చిన్నప్పుడు చూశాను. ఇప్పుడు నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోటకి పదకొండు బోర్లు వేశాను, నీళ్ళు వచ్చేవి రెండే. ఒక కరువు ఏడాదిలో చెట్లకి ట్యాంకర్లతో నీళ్ళు తోలించాను. ఏడేళ్ళు పెంచిన చెట్టు ఎండిపోతుంటే చూస్తూ ఊరుకోలేం. ఆ ఏడాది కాయ అమ్మిన డబ్బు ట్యాంకరు బాకీకే సరిపోలేదు.

గుత్తిరోడ్డు అన్నా, తొందరపడి బోరు వేయించొద్దు. ఒకటి ఎండితే ఇంకొకటి, అది ఎండితే మరొకటి. ఆ వరసలో దిగితే బయటికి రాలేం.

రాళ్ళ_మాస్టారు
జియాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి. అనంతపురం కింద ఉన్నది ఎక్కువగా గ్రానైటు జాతి గట్టి రాయి. ఇసుక నేలల్లో లాగా నీళ్ళు పొరలు పొరలుగా ఉండవు. పైన కొన్ని పదుల అడుగులు మెత్తబడిన రాయి, దాని కింద పగుళ్ళు. నీళ్ళుండేది ఆ రెండు చోట్లే. లోతుకి పోయేకొద్దీ పైబరువుకి పగుళ్ళు మూసుకుపోతాయి. 900 అడుగుల దగ్గర తగిలేది చాలాసార్లు ఎన్నో ఏళ్ళుగా చేరిన పాత నీరు. దాన్ని తోడేసుకుంటే, పైన పడిన వాన అక్కడికి దిగడానికి ఏళ్ళు పడుతుంది.

ఇంకో మాట. మన జిల్లా నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువని అందరికీ తెలుసు. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు. లోతు బోర్లలో అది ఇంకా పెరిగే అవకాశం ఉంది. ఎదురింటివాళ్ళని ఆ 900 అడుగుల నీళ్ళు ఒకసారి ల్యాబులో పరీక్ష చేయించుకోమని చెప్పండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే తప్పకుండా.

సాయినగర్_సుజాత
మా బోరు పాయింట్ కొబ్బరికాయతో పెట్టించాం. కాయ నిలువుగా లేచింది. నీళ్ళు పడ్డాయి కూడా.

రాళ్ళ_మాస్టారు
సంతోషం అమ్మా. మీ పక్కింటివాళ్ళకి కూడా అదే కాయతో పెట్టారా? వాళ్ళకి పడ్డాయా?

సాయినగర్_సుజాత
పడలేదు మాస్టారూ. కాయ మార్చారని అన్నారు.

హెచ్చెల్సీ_కట్ట
అందరూ బోర్ల చుట్టూనే తిరుగుతున్నారు. ఈ ఊరు బతికేది కాలువ నీళ్ళ మీద. తుంగభద్ర ఎగువ కాలువకి (హెచ్చెల్సీ) కేటాయింపు 32.5 టీఎంసీలు. ఏ ఏడైనా పూర్తిగా వచ్చాయా? హంద్రీ-నీవా ఎత్తిపోతల ద్వారా 2012లో కృష్ణమ్మ జీడిపల్లి రిజర్వాయరుకి వచ్చిన రోజు మా ఊరి జనం ట్రాక్టర్లెక్కి చూడ్డానికి పోయారు. నేనూ పోయాను, ఆ నీళ్ళు నెత్తిన చల్లుకున్నాను. అట్లాంటివి ఇంకా రావాలి. వాన నీళ్ళకి ఇంకుడు గుంతలు తీయమంటారు కొందరు, వాటితో లక్షల జనాభా ఉన్న ఊరు బతకదు.

రిటైర్డ్_లైన్‌మ్యాన్
కట్ట అన్నా, ఆ నీళ్ళు మీ నెత్తి మీదికి ఊరికే రాలేదు. శ్రీశైలం ఎక్కడుంది, జీడిపల్లి ఎక్కడుంది? ఒక పంపుహౌస్ నుంచి ఇంకో పంపుహౌస్‌కి ఎత్తుకుంటూ తేవాలి. ప్రతి మెట్టుకీ కరెంటే.

బోరు సంగతీ అంతే. వెయ్యి లీటర్లు 60 అడుగుల నుంచి పైకి తేవడానికి యూనిట్‌లో ఎనిమిదో వంతు చాలు. 900 అడుగుల నుంచి తేవాలంటే, మన మోటార్ల పనితనం లెక్కన, రెండు యూనిట్లకి కొంచెం తక్కువ. అంటే పదిహేను రెట్లు. గుత్తిరోడ్డు గారింట్లో నెలకి ఇరవై వేల లీటర్లు వాడినా ఆ లోతు నుంచి తోడటానికే 35, 40 యూనిట్లు. అదే పొలంలో చూడండి. ఎకరాకి ఒక ఇంచు తడి అంటే లక్ష లీటర్లు. ఆ లోతు నుంచి అయితే ఒక్క తడికి 180 యూనిట్లు. రైతుకి కరెంటు ఉచితం కాబట్టి ఆ లెక్క అతనికి కనపడదు. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ దించి మోసుకెళ్ళే మాకు కనపడేది.

మే నెలలో రాత్రి పది గంటలకి సబ్‌స్టేషన్‌లో నిలబడితే తెలుస్తుంది. పగలు 43, 44 డిగ్రీలు. కట్టిన గోడలన్నీ ఆ వేడి పట్టుకుని రాత్రంతా వదులుతుంటాయి. ఊళ్ళో ఏసీలన్నీ ఒకేసారి ఆన్. పాతికేళ్ళ కింద ఇదే ఊళ్ళో మిద్దె మీద నీళ్ళు చల్లుకుని పడుకునేవాళ్ళం.

పావగడ_పక్కన
సోలార్ వచ్చింది కదా సార్. ఎన్‌పీ కుంటలో, కర్నూలు దగ్గర ఓర్వకల్లులో పెద్ద పార్కులు పెట్టారు. ఓర్వకల్లుది 1000 మెగావాట్లు. బోర్ల లోడు పగలు ఎండ ఉన్నప్పుడే నడిపితే సగం బాధ తీరుతుంది.

రిటైర్డ్_లైన్‌మ్యాన్
తీరుతుంది, కాదనను. వ్యవసాయ ఫీడర్లకి పగటిపూట 9 గంటలు ఇవ్వడం మంచి పనే. రాత్రి పూట చీకట్లో స్టార్టర్ దగ్గరికి పోయి పాము కరిచినవాళ్ళని, షాక్ కొట్టినవాళ్ళని ఎంతమందిని చూశానో. కానీ ఎండతో తోడినా ఎండేది భూమే. కరెంటు చవకైతే ఇంకాస్త ఎక్కువసేపు తోడతాం.

బురుజు_నీడ
కర్నూలు నుంచి. కట్ట అన్న కాలువ కాలువ అంటున్నాడు. మా ఊరు తుంగభద్ర, హంద్రి రెండు నదుల మధ్య ఉంది. 2009 అక్టోబరు 2న ఆ రెండూ కలిసి మా ఇంట్లోకి వచ్చాయి. మేం మిద్దె మీద రెండు రాత్రులు ఉన్నాం. చుట్టూ నీళ్ళే, తాగడానికి గుక్కెడు లేవు. అదే ఊళ్ళో ఎండాకాలం వస్తే నదిలో ఇసుక, రాళ్ళు కనపడతాయి. సుంకేసుల బ్యారేజీలో నీళ్ళు ఎన్ని అడుగులున్నాయో పేపర్లో చూసుకుంటూ బతుకుతాం. నది పక్కనే ఉన్నా అంతే.

తుంగభద్ర డ్యాం కట్టినప్పుడు 133 టీఎంసీలు పట్టేది. పూడిక చేరి ఇప్పుడు 105 అంటున్నారు. ఒక్క టీఎంసీ అంటే 2,831 కోట్ల లీటర్లు. 28 టీఎంసీల చోట ఇప్పుడు మట్టి ఉంది. 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఆ వారం రోజులు మాకు నిద్ర లేదు. పారే నీళ్ళ మీదే గేటు బదులు స్టాప్‌లాగ్ (అడ్డుపలక) దించినవాళ్ళకి దండం పెట్టుకున్నాం.

హెచ్చెల్సీ_కట్ట
ఆ వారం నేనూ టీవీ ముందు నుంచి లేవలేదు తమ్ముడూ. కానీ అందుకే చెబుతున్నా, కాలువలు బాగుచేయాలి, పూడికకి దారి చూడాలి, సమాంతరంగా ఇంకోటి తవ్వాలి. చేతులెత్తేయకూడదు కదా.

పోరుమామిళ్ళ
కడప జిల్లా వాణ్ణి. మా ఊరి చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించాడు. చెరువు కట్టడానికి ఏమేం కావాలో, ఏయే దోషాలుండకూడదో సంస్కృతంలో రాశారు. రోజుకి వెయ్యిమంది కూలీలు, రాళ్ళు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ళు పట్టిందని కూడా ఉంది. ఆ దోషాల్లో ఒకటి చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది: నీరు కొంచెం, తడపాల్సిన నేల ఎక్కువ. ఆరున్నర శతాబ్దాల కింద రాసినవాళ్ళకి తెలుసు. మనం ఆ చెరువు నీళ్ళ లెక్క చూడకుండా ఆయకట్టులో ఊళ్ళు కట్టాం.

రుద్రంపేట_రజియా
ఊళ్ళు కట్టడం అంటే గుర్తొచ్చింది. 2022 అక్టోబరులో మా ఊరి వాగు నడిమివంక పొంగినప్పుడు మా కాలనీ మునిగింది. రాత్రి మంచం కింద చేయి పెడితే నీళ్ళు తగిలాయి. కుట్టుమిషను, పిల్లల పుస్తకాలు, బియ్యం డ్రమ్ము అన్నీ పోయాయి. బియ్యం ఉబ్బి డ్రమ్ము మూత లేచింది. ఆ వాసన నెల రోజులు పోలేదు. వంక వెడల్పు ఒకప్పుడు ఎంతుండేదో మా మామ చేతులు చాపి చూపిస్తాడు, ఇప్పుడు గట్టిగా దూకితే దాటొచ్చు. ఎవరు ఆక్రమించారో, ఎవరు అమ్మారో నాకనవసరం. మేం డబ్బు పెట్టి కొన్నాం, అది వంక అని మాకెవరూ చెప్పలేదు.

మళ్ళీ మార్చి వస్తే అదే కాలనీలో బిందెలు పట్టుకుని నిలబడతాం.

బురుజు_నీడ
అక్కా, బియ్యం సంగతి చదివి మా అమ్మకి చెప్పాను. మాదీ అంతే జరిగింది అంది.

పోరుమామిళ్ళ
2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు మా చుట్టాలది ఆ కింద ఊరే. పొలంలో మేటలు వేసిన ఇసుక ఇప్పటికీ పూర్తిగా తీయలేదు. ఆ నేలలో ఇప్పుడు ఏం పండుతుంది?

రాళ్ళ_మాస్టారు
రజియా గారు, పోరుమామిళ్ళ గారు చెప్పినవి, గుత్తిరోడ్డు గారి బోరు వేరు వేరు కథలు కావు. మన జిల్లాకి ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. ఇది పూర్వం నుంచీ తక్కువే. ఇప్పుడు అది పడే తీరు మారుతోంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరి పట్టుకుంటుంది. పట్టుకున్నంతసేపు చుక్క రాలదు, రాలినప్పుడు కుమ్మరిస్తుంది. పది రోజులు మెల్లగా కురిస్తే భూమిలోకి దిగేది, ఒక్క రాత్రి కురిస్తే వంకలోకి పోతుంది. పైగా ఊరంతా సిమెంటు పరిచాం. దిగాలన్నా దారేది?

ధర్మవరం_చేను
వేరుశనగ వేసేవాళ్ళకి ఇది బాగా తెలుసు. జూన్, జూలైలో పదును చూసి విత్తనం వేస్తాం. మొలుస్తుంది, పూత వస్తుంది. ఊడలు (పూత నుంచి నేలలోకి దిగి కాయయ్యే కాడలు) దిగే సమయానికి నేల మెత్తగా ఉండాలి. సరిగ్గా అప్పుడే ఇరవై, ముప్ఫై రోజులు వాన ముఖం చాటేస్తుంది. ఊడ నేలకి తగిలి ముల్లులాగా ఎండిపోతుంది. చేను పచ్చగా కనపడుతుంది, పీకితే చెట్టుకి రెండు కాయలు. తర్వాత కోతకి వచ్చినప్పుడు తుపాను. పీకిన వేరుశనగ కట్టె కుప్ప మీద బూజు. పశువులు కూడా మూతి తిప్పుకుంటాయి.

మా తాత కొర్ర, జొన్న, కంది, అలసంద కలిపి వేసేవాడు. ఏదో ఒకటి చేతికొచ్చేది. నేను రెండేళ్ళ నుంచి రెండెకరాల్లో మళ్ళీ అట్లా వేస్తున్నా. కొర్రకి ఒక్క వాన తప్పినా తట్టుకుంటుంది. అమ్ముకోవడమే కష్టం.

మెస్_లక్ష్మక్క
తమ్ముడూ, అమ్ముకోవడం కష్టమైతే నాకు చెప్పు. నాది హాస్టల్ పిల్లల మెస్, రెండు పూటలా అరవై మంది. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో టమోటా కిలో 150 దాటినప్పుడు నెల రోజులు చింతపండు చారుతో నెట్టుకొచ్చాను. రెండు నెలలు తిరక్కముందే అదే టమోటా రోడ్డు పక్కన పారబోశారు. అది చూస్తే ఏడుపొచ్చింది.

ఊరి చుట్టూ ఉండే ఆకుకూర మళ్ళు ఏమయ్యాయో చూడండి. పొద్దున్నే సైకిలు మీద పాలకూర, చుక్కకూర తడిగుడ్డ కప్పుకుని తెచ్చేవాడు ఒకాయన. ఇప్పుడు ఆ మళ్ళలో రంగు రాళ్ళు పాతారు, ప్లాట్లు. ఆకుకూర ఎక్కడో దూరం నుంచి వ్యానులో వస్తుంది, నా దగ్గరికి వచ్చేసరికి సగం వాడిపోతుంది. ట్యాంకరుకి ఒక రేటు, కూరకి ఒక రేటు, గ్యాసుకి ఒక రేటు. నేను భోజనం రేటు పెంచితే పిల్లలు ఒక పూట మానేస్తున్నారు. నాకు తెలుస్తుంది, లెక్క రాసుకుంటాను కదా.

వారంలో రెండు రోజులు కొర్రన్నం పెడుతున్నాను. మొదట్లో గొణిగారు. పప్పు గట్టిగా, నెయ్యి చుక్క వేస్తే ఇప్పుడు అడిగి తింటున్నారు. నెలకి యాభై కిలోలు నేను తీసుకుంటాను.

ధర్మవరం_చేను
అక్కా, మెసేజ్ పెట్టాను. ఈ ఏడాది బస్తాలు ఇంట్లోనే ఉన్నాయి.

బెంగళూరులో_అనంత
అనంతపురం వదిలి ఇక్కడికొచ్చాం, ఇక్కడా అంతే. 2024 ఎండాకాలంలో నగరంలోని దాదాపు 14,000 ప్రభుత్వ బోర్లలో 6,900 ఎండాయని అక్కడి ప్రభుత్వమే చెప్పింది. మా బిల్డింగులో కాగితం ప్లేట్లలో తిన్నాం. గుత్తిరోడ్డు అన్నా, ఆ అపార్ట్‌మెంట్ వాళ్ళ మీద కంప్లయింట్ ఇవ్వండి. 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం బోరుకి అనుమతి ఉండాలి. మీ బోరు పక్కన 850 అడుగులు వేసి మీ నీళ్ళు లాక్కున్నారు వాళ్ళు.

నాలుగో_అంతస్తు
నేనూ ఇట్లాంటి అపార్ట్‌మెంట్‌లోనే ఉంటా, ఇదే ఊళ్ళో. అప్పు చేసి కొన్నాం. బోరు ఎంత లోతో, పక్కింటి బోరు ఎంత దూరమో కొనేటప్పుడు మాకెవరూ చెప్పలేదు, మాకూ అడగాలని తెలియలేదు. మాకూ ట్యాంకర్లే దిక్కు. నీళ్ళు లాక్కున్నారు అంటే బాధేసింది. మా ఇంట్లోనూ ముసలివాళ్ళున్నారు.

పోట్లాడే ముందు ఒక లెక్క చూడండి. మా టెర్రస్ ఆరు వేల చదరపు అడుగులు. మాస్టారు చెప్పిన 550 మిల్లీమీటర్లతో లెక్కేస్తే, వృథా తీసేసినా ఏడాదికి రెండున్నర లక్షల లీటర్ల దాకా. అదంతా పైపులోంచి రోడ్డు మీదికి, అక్కడి నుంచి రజియా గారి కాలనీ వైపుకి పోతోంది. వెనక అపార్ట్‌మెంట్ వాళ్ళతో ఒకసారి మాట్లాడండి గుత్తిరోడ్డు గారూ. కోపంగా కాకుండా.

బెంగళూరులో_అనంత
లాక్కున్నారు అన్నది తప్పే మేడమ్. ఆవేశంలో అన్నాను. కానీ అనుమతి విషయం మాత్రం అడగాల్సిందే.

గుత్తిరోడ్డు
అన్నీ చదివాను. 900 వద్దనుకున్నా. బోరు బండి అతనికి ఫోన్ చేసి చెప్పేశాను. నిన్న సాయంత్రం వెనక అపార్ట్‌మెంట్‌కి పోయాను. అసోసియేషన్ సెక్రటరీ నాకన్నా చిన్నవాడు, టీ ఇచ్చి కూర్చోబెట్టాడు. వాళ్ళ రెండో బోరు కూడా మొన్నే గాలి లాగిందట. మా మిద్దె 1,200 చదరపు అడుగులు, వాళ్ళది నాలుగో అంతస్తు గారు చెప్పినట్టు ఆరు వేలే. రెండిళ్ళ నీళ్ళూ నా పాత బోరు పక్కన దింపుదామన్నాను. మీటింగులో పెడతానన్నాడు. మాస్టారూ, ఇంకుడు గుంత ఎట్లా తీయాలి?

రాళ్ళ_మాస్టారు
కేసింగ్ చుట్టూ ఆరడుగులు, ఆరడుగులు, లోతు పది దాకా. గుంతలో ఉన్న కేసింగ్ భాగానికి సన్నటి బెజ్జాలు వేసి, పైన నైలాన్ మెష్ రెండు మడతలు చుట్టాలి. కింద పెద్ద రాళ్ళు, మధ్యలో కంకర, పైన ఇసుక. మొదటి రెండు వానల నీళ్ళు గుంతలోకి పోనీయొద్దు, మిద్దె కడిగిన మురికంతా అందులో ఉంటుంది. సెప్టిక్ ట్యాంకుకి కనీసం యాభై అడుగుల దూరం. ఇది గుర్తు పెట్టుకోకపోతే మొదటికే మోసం. వంటింటి నీళ్ళు, బట్టల నీళ్ళు అసలు కలపొద్దు.

హెచ్చెల్సీ_కట్ట
చేయండి, నేను కాదనను. కానీ వాన పడని ఏడాది గుంతలో ఏం దిగుతుంది? ఆ ఏడాది కాలువే దిక్కు. నా మాట మార్చుకోను.

రిటైర్డ్_లైన్‌మ్యాన్
మార్చుకోవద్దన్నా. రెండూ కావాలి. పనిలో పనిగా ఆ అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద సోలార్ సంగతి కూడా అడగమనండి. ఇళ్ళకి 3 కిలోవాట్లకి కేంద్రం 78,000 సబ్సిడీ ఇస్తోంది. అపార్ట్‌మెంట్లకి నిబంధనలు వేరు, కనుక్కోవాలి.

గుత్తిరోడ్డు
చానా రోజులైంది. సెప్టెంబరు వచ్చింది కాబట్టి రాస్తున్నా. గుంత మే నెలలో తీశాం. అపార్ట్‌మెంట్‌లో సగంమంది డబ్బులిచ్చారు, సగంమంది ఇంకా ఇవ్వలేదు. జూన్ వానలకి ఇసుక కొట్టుకుపోయి మెష్ మూసుకుపోయింది. మళ్ళీ తీసి కడిగి పెట్టాం.

మొన్న గురువారం రాత్రి రెండింటికి పెద్ద వాన. టార్చి పట్టుకుని పోయాను. అప్పటికే వాచ్‌మన్, సెక్రటరీ గొడుగుల్లో నిలబడి ఉన్నారు. టెర్రస్ పైపులోంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి, గుంత నిండటం లేదు, లోపలికి గుడగుడమని పోతున్నాయి. ముగ్గురం మాట్లాడకుండా చూస్తూ నిలబడ్డాం. రోడ్డు మీద మోకాలి దాకా ఉండాల్సిన నీళ్ళు చీలమండ దాకానే ఉన్నాయి.

మోటారు ఇప్పుడు పదకొండు నిమిషాలు పోస్తోంది. నీళ్ళు ఇంకా ఎర్రగానే వస్తున్నాయి మొదట ఒక నిమిషం. ట్యాంకరు వారానికి రెండు నుంచి ఒకటికి వచ్చింది.

రుద్రంపేట_రజియా
అన్నా, మా వీధిలో నాలుగిళ్ళవాళ్ళం కలిసి తీయిద్దామనుకుంటున్నాం. మాది పల్లం. వంక పొంగితే మురికినీళ్ళు గుంతలోకి వస్తాయి కదా?

రాళ్ళ_మాస్టారు
వస్తాయమ్మా. మీ దగ్గర బోరు పక్కన తీయొద్దు. వీధి పైభాగంలో మెరక ఇల్లు ఏదైనా ఉందా? ఉంటే ఆ మిద్దె నీళ్ళు అక్కడే దింపండి. ఆదివారం నేను వచ్చి చూస్తాను, లొకేషన్ పెట్టండి.

బోరుబండి_తమ్ముడు
రజియా అక్కా, కేసింగ్‌కి బెజ్జాలు వేసే డ్రిల్లు నా దగ్గరుంది. నేనూ వస్తా.